కట్టేదీ మనమే, యజమానులమూ మనమేనట!

44వ నంబరు జాతీయ రహదారి మీద కర్నూలు వదిలి తుంగభద్ర దాటి తెలంగాణలోకి అడుగుపెట్టిన కాసేపటికే పుల్లూరు టోల్ ప్లాజా వస్తుంది. కర్నూలు ఉల్లి మలక్‌పేట మార్కెట్‌కు పోవాలన్నా, పత్తికొండ టమాటా హైదరాబాద్ చేరాలన్నా దారి ఇదే. డీసీఎం డ్రైవరు బ్రేకు మీద కాలు వేసేలోపే ఫాస్టాగ్‌లో డబ్బు కోతపడుతుంది. ఆ కోత కిరాయిలో కలుస్తుంది. కిరాయి ఎక్కడ తేలుతుందో మనకు తెలియంది కాదు, కమీషన్ ఏజెంటు రాసిచ్చే పట్టీలో తేలుతుంది. ఉల్లికి ధర ఉన్నా లేకున్నా గేటు దగ్గర రేటు మాత్రం తగ్గదు.

ఆ డబ్బంతా సర్కారుకే పోతుందని మనలో చాలామంది అనుకుంటున్నారు. ఆ రోజులు పోయాయి. ప్రభుత్వ ఆస్తులను అప్పజెప్పి సొమ్ము చేసుకునే కార్యక్రమం కేంద్రం 2021లో ప్రకటించింది. అదే ఏడాది నవంబర్‌లో జాతీయ రహదారుల సంస్థ ఒక ట్రస్టు పెట్టి, తన చేతిలో ఉన్న అయిదు టోల్ రోడ్లను దానికి కట్టబెట్టింది. గుజరాత్, రాజస్థాన్, కర్ణాటక, తెలంగాణల్లో కలిపి 390 కిలోమీటర్లు. కొత్తకోట బైపాస్ నుంచి కర్నూలు దాకా ఉన్న మన రోడ్డు అందులో ఒకటి. 30 ఏళ్ల పాటు టోల్ వసూలు చేసుకునే హక్కు ఇక ట్రస్టుదే. ఆ ట్రస్టులో చెరో 25 శాతం వాటా కొన్నవాళ్లు ఇద్దరు. ఒకరు కెనడా కార్మికుల పింఛను నిధిని నడిపే సంస్థ, రెండోవారు ఒంటారియో రాష్ట్ర టీచర్ల పింఛను నిధి.

ఇది విని కొందరు ఆవేశపడతారు: "కెనడా వాళ్లొచ్చి మన రోడ్డు మీద దండుకుంటున్నారు" అని. ఆగండి. 2025లో ఇదే ట్రస్టు మరికొన్ని రోడ్ల కోసం డబ్బు సేకరించినప్పుడు కొత్తగా వచ్చి చేరిన పెద్ద మదుపరి ఎవరో తెలుసా? మన ఈపీఎఫ్‌ఓ. కార్మికుల జీతాల్లోంచి నెలనెలా కోసే భవిష్యనిధి సొమ్ములో 2,035 కోట్ల రూపాయలు అందులో పెట్టింది.

అంటే ఇలా. అలంపూర్ దగ్గర ఒక రైతు ఉల్లి వేశాడు. కొడుకు హైదరాబాద్‌లో సెక్యూరిటీ గార్డు. కొడుకు జీతంలో పీఎఫ్ కోసి ఆ ట్రస్టులో పెట్టారు. తండ్రి సరుకు పోయే బండి ఆ ట్రస్టుకే టోల్ కడుతుంది. ఒకే ఇంట్లో ఒకరు కట్టేవాడు, ఇంకొకరు వసూలు చేసేవాడు. "ఇంకేం, ఆ డబ్బు మళ్లీ మీ ఇంటికే కదా వచ్చేది" అని షేర్ మార్కెట్ పండితులు సంతోషపడిపోతారు. "కార్మికుడే యజమాని" అన్న మాట వాళ్ల నోట ఈ మధ్య తరచుగా వినిపిస్తోంది. మన సంఘాల్లోనూ కొందరు దానికి తలూపుతున్నారు. అందుకే ఈ వ్యాసం.

ముందు ఆ యజమాని వాటా ఎంతో చూద్దాం. ఈపీఎఫ్‌ఓలో చందా కడుతున్నవాళ్లు ఏడు కోట్ల మందికి పైనే. 2,035 కోట్లను ఏడు కోట్లతో భాగించండి. తలకు మూడు వందల రూపాయలు కూడా రాదు. అదైనా వాటా విలువే, దాని మీద వచ్చే ఆదాయం ఇంకెంతో ఊహించుకోండి. తండ్రి బండి కొన్ని ట్రిప్పులు గేటు దాటితే కొడుకు యజమానితనం మొత్తం చెల్లిపోతుంది. పైగా ఈ యజమాని గేటు రేటు తగ్గించమని అడగలేడు, రోడ్డు గుంత పూడ్చమని అడగలేడు. తాను యజమాని అన్న సంగతి కూడా అతనికి తెలియదు. పీఎఫ్ పాస్‌బుక్‌లో నిల్వ ఉంటుంది, వడ్డీ ఉంటుంది. టోల్ గేటు ఊసు ఎక్కడా ఉండదు.

ఇంతకన్నా కడుపు మండే విషయం ఇంకోటుంది. టోల్ రేటు మామూలుగా ఏటా ఏప్రిల్ 1న పెరుగుతుంది. ఎంత పెరగాలో 2008 నాటి నిబంధనల్లోనే రాసిపెట్టారు: 3 శాతం ఖాయం, దానికి తోడు టోకు ధరల సూచీ పెరుగుదలలో 40 శాతం. ఎవరూ ధర్నా చేయక్కర్లేదు, అర్జీ పెట్టక్కర్లేదు. ఇప్పుడు కార్మికుడి పింఛను చూడండి. 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకంలో కనీస పింఛను 2014 సెప్టెంబర్‌లో వెయ్యి రూపాయలు చేశారు. నేటికీ అక్కడే ఉంది. 7,500 రూపాయలు, దానిపై కరువు భత్యం ఇవ్వమని వృద్ధులు ఢిల్లీ వీధుల్లో ఏళ్ల తరబడి కూర్చుంటున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఏ చందా కట్టని వృద్ధులకు కూడా ప్రభుత్వం నెలకు 4,000 ఇస్తోంది, తెలంగాణలో ఆసరా 2,016 వస్తోంది. అది ఇవ్వాల్సిందే, అందులో తప్పేమీ లేదు. మరి ముప్పై ఏళ్లు జీతంలో కోత భరించినవాడికి గ్యారంటీ వెయ్యేనా? కార్మికుడి పొదుపు చేరిన టోల్ గేటుకు ధరల పెరుగుదల నుంచి చట్టబద్ధమైన రక్షణ ఉంది. ఆ కార్మికుడికే లేదు.

ఈ డబ్బు షేర్లలోకి ఎలా వెళ్లిందో కూడా రైతులు తెలుసుకోవాలి, ఎందుకంటే ఇవాళ మన ఇళ్లలో పీఎఫ్ ఖాతా లేని ఇల్లు తక్కువ. 2015 వరకు భవిష్యనిధి సొమ్ము ప్రభుత్వ బాండ్లలోనూ, డిపాజిట్లలోనూ ఉండేది. 2015 ఆగస్టులో కొత్తగా వచ్చే సొమ్ములో 5 శాతాన్ని స్టాక్ మార్కెట్‌లో పెట్టడం మొదలుపెట్టారు. మరుసటి ఏడు 10 శాతం, ఆ మరుసటి ఏడు 15 శాతం. కార్మిక సంఘాలు వద్దన్నాయి. ధర్మకర్తల బోర్డులో కార్మిక ప్రతినిధులు పదిమందే. యజమానుల ప్రతినిధులు ఇంకో పదిమంది, మిగతావాళ్లంతా కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల మనుషులు. అధ్యక్షుడు కేంద్ర మంత్రి. డబ్బు కార్మికుడిది, లెక్కింపులో కార్మికుడు మైనారిటీ.

ఈ పెట్టుబడి కంపెనీని చూసి, మంచీచెడూ బేరీజు వేసి పెట్టేది కాదు. ఈటీఎఫ్ అనే బుట్టను కొంటారు. నిఫ్టీలో 50 కంపెనీలుంటే ఆ యాభైలోనూ తలా ఇంత వాటా వస్తుంది, సెన్సెక్స్ అయితే ముప్పైలో. కంపెనీల సర్వసభ్య సమావేశాల్లో ఓటు వేసేది బుట్టను నడిపే మ్యూచువల్ ఫండ్. ఓటు కూడా పోయిందన్నమాట.

ఆ బుట్టలో ఏమున్నాయో మచ్చుకు ఒకటి చెప్తాను. సిగరెట్ల కంపెనీ ఐటీసీ నిఫ్టీలోనూ ఉంది, సెన్సెక్స్‌లోనూ ఉంది. ఒంగోలు, కొండపి, పొదిలి, టంగుటూరు వేలం కేంద్రాల్లో పొగాకు కొనేవాళ్లలో అది పెద్ద చెయ్యి అని ఆ ప్రాంతపు రైతులకు నేను చెప్పాల్సిన పనిలేదు. పీఎఫ్ సొమ్ము షేర్లలోకి వెళ్లిన అదే 2015లో ధర పడిపోయి ప్రకాశం జిల్లాలో పొగాకు రైతులు ప్రాణాలు తీసుకున్నారు. దానికీ దీనికీ ముడిపెట్టడం లేదు. నేను చెప్పేది మామూలు వ్యాపార లెక్క. ఆకు చవగ్గా వస్తే కంపెనీకి ఖర్చు తగ్గుతుంది, ఖర్చు తగ్గితే లాభం పెరుగుతుంది, లాభం పెరిగితే షేరు పెరుగుతుంది, షేరు పెరిగితే నిజామాబాద్‌లో బీడీలు చుట్టే అమ్మ పీఎఫ్‌కు రెండు పైసలు ఎక్కువొస్తాయి. ఆ అమ్మ కొండపి రైతు నష్టం కోరుకుందా? ఆమెను అడిగిందెవరు? కంపెనీ పని లాభం తీయడం, అది ఆ పని చేస్తుంది. ఆమె పేరు వాడుకుని ఆమెను ఆ పనిలో భాగస్తురాలిని చేయడం దగ్గరే నా పేచీ అంతా.

ఇది మన దేశపు రోగం ఒక్కటే అనుకోవద్దు. అమెరికాలో టీఐఏఏ అని ఒక సంస్థ ఉంది. కాలేజీ అధ్యాపకుల ముసలితనానికి ఆసరాగా 1918లో పుట్టింది. 2008లో ఇది బ్రెజిల్ చక్కెర కంపెనీ కోసాన్‌తో కలిసి భూములు కొనే ఒక కంపెనీ పెట్టింది. సాగుభూమి ధర పెరుగుతుంది, కొనిపెట్టుకుంటే లాభం అన్నదే సూత్రం. మన దగ్గర రియల్ ఎస్టేట్ వాళ్లు చేసేదీ అదే, వీళ్లు లక్షల ఎకరాల్లో చేస్తారు. స్వీడన్, కెనడా దేశాల పింఛను నిధులు కూడా టీఐఏఏ భూముల నిధుల్లో డబ్బు పెట్టాయి. బ్రెజిల్‌లో సెరాడో అనే విశాలమైన మైదాన ప్రాంతంలో తరతరాలుగా పట్టా కాగితం లేకుండా సాగు చేసుకుంటున్న కుటుంబాలు ఉన్నాయి. మన పోడు రైతుల పరిస్థితే. వాళ్ల భూములను దొంగ కాగితాలతో కాజేసినవాళ్ల నుంచి కొన్న కమతాలు ఈ నిధుల చేతికి చేరాయని 2015లో బ్రెజిల్ హక్కుల సంఘాలు, అమెరికా పత్రికలు ఆరోపించాయి. సంస్థ ఖండించింది. ఆరోపణలో ప్రతి ఎకరం లెక్కా తేలిందని నేను అనను. కానీ ఒక మాట మాత్రం ఎవరూ కాదనలేదు: అమెరికాలో భూ సమస్యల మీద పాఠాలు చెప్పే ప్రొఫెసర్ పింఛను డబ్బు బ్రెజిల్‌లో భూస్వామి అయింది. ఆ ప్రొఫెసర్లలో కొందరు సిగ్గుపడి సంతకాల ఉద్యమం చేశారు కూడా.

ఇక్కడ ఆ టీచర్లను తిట్టడం సుఖం. కానీ తప్పు దారి. ఒంటారియో టీచర్ల సంగతే తీసుకోండి. 1990కి ముందు వాళ్ల పింఛను సొమ్ము మొత్తం ఆ రాష్ట్ర ప్రభుత్వ బాండ్లలోనే ఉండేది. ప్రభుత్వం అప్పు తీసుకుని బాధ్యత వహించేది. 1990లో దాన్ని ప్రత్యేక సంస్థగా చేసి మార్కెట్‌లోకి వదిలారు. అక్కణ్నుంచి విమానాశ్రయాలు, ఆస్పత్రులు, మన పుల్లూరు గేటు... ఎక్కడ లాభం కనిపిస్తే అక్కడికి వెళ్లింది. క్రిప్టో వ్యాపారం చేసే ఎఫ్‌టీఎక్స్ అనే కంపెనీలోనూ వెళ్లి 2022లో 9.5 కోట్ల డాలర్లు పోగొట్టుకుంది. ఇందులో ఏ నిర్ణయమూ బడిలో సుద్దముక్క పట్టుకున్న టీచరు తీసుకున్నది కాదు. ఆమెకు కావాల్సింది ముసలితనంలో ఒకరి ముందు చెయ్యి చాచకుండా బతకడం. అదే మన పంతుళ్లకూ కావాలి, అదే మనకూ కావాలి.

ఆ కోరికను డాలుగా పట్టుకున్నవాళ్లు వేరే ఉన్నారు. టోల్ తగ్గించమంటే "పెట్టుబడిదారుల్లో పింఛనుదారులున్నారు, వాళ్ల నోట్లో మట్టి కొడతారా" అంటారు. ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కార్మికుడు వేతనం పెంచమన్నా ఇదే పాట. పంటకు ధర పెంచమంటే షేరు పడిపోతుందంటారు, షేరు పడితే కార్మికుల పొదుపు కరుగుతుందంటారు. పూర్వం కంపెనీ యజమాని తన లాభం కోసం తానే నోరు చేసుకునేవాడు. ఇప్పుడు ముసలివాళ్లను ముందు నిలబెట్టి వాళ్ల వెనక నుంచి మాట్లాడుతున్నాడు. నిధి నడిపేవాళ్లను అడిగితే "చందాదారుల ప్రయోజనమే మా ధర్మం, మిగతావి చూడటం మా పని కాదు" అంటారు. చందాదారుడంటే వాళ్ల దృష్టిలో ఒక ఖాతా నంబరు. ఆ నంబరుకు ఊరు ఉంటుందనీ, ఊళ్లో తండ్రి ఉంటాడనీ, తండ్రికి పొలం ఉంటుందనీ వాళ్ల లెక్కలో లేదు. పొలంలో రెండు లక్షలు పోగొట్టి పాస్‌బుక్‌లో రెండు వందలు వేస్తే అది ఆ కుటుంబానికి ప్రయోజనమా?

"షేర్లు వద్దంటే పింఛను ఎక్కడ నుంచి వస్తుంది? ధరలు పెరుగుతుంటే బాండ్ల వడ్డీ చాలుతుందా?" ఇది గట్టి ప్రశ్నే, పక్కకు నెట్టేసేది కాదు. పీఎఫ్ వడ్డీ 2021-22లో 8.1 శాతానికి పడింది, నాలుగు దశాబ్దాల్లో అంత తక్కువ ఎన్నడూ లేదు. షేర్ల లాభం వల్లే ఆ తర్వాత 8.25 అయినా ఇవ్వగలిగామని చెప్తారు. సరే. కానీ రైతుకు తెలిసిన ఒక సంగతి ఈ లెక్కల పుస్తకాల్లో ఉండదు. 2050లో ముసలాయన తినే అన్నం 2050లో పండాల్సిందే. ఇవాళ కొన్న షేరు కాగితం అప్పుడు వడ్లు పండించదు. అప్పటికి పనిచేసే వయసులో ఉన్నవాళ్ల కష్టంలోంచే అప్పటి వృద్ధులకు వాటా పోవాలి. ఆ వాటా ఏ దారిన పోవాలన్నదొక్కటే తేడా. పన్నుల దారిన, చట్టం రాసి, ఓటు వేసి నిర్ణయించుకునే దారి ఒకటి. టోల్ గేటు దారిన, కంపెనీ లాభం దారిన, ఎవరికీ చెప్పకుండా గుంజుకునే దారి ఇంకొకటి. రెండో దారిలో మధ్యలో ఉన్నవాడు తన కమీషన్ తాను తీసుకుంటాడు. ఉల్లి మార్కెట్‌లో దళారీని చూసినవాళ్లకు ఇది విడమర్చి చెప్పాలా?

లాభాల సంగతి చెప్పేవాళ్లు నష్టాల సంగతి చెప్పరు. 2018లో ఐఎల్ అండ్ ఎఫ్‌ఎస్ కుప్పకూలినప్పుడు దాని బాండ్లలో కార్మికుల భవిష్యనిధుల సొమ్ము ఇరుక్కుంది. 2019లో ఉత్తరప్రదేశ్ విద్యుత్ ఉద్యోగుల పీఎఫ్ రెండు వేల కోట్లకు పైగా దివాన్ హౌసింగ్‌లో చిక్కుకుని ఉద్యోగులు రోడ్డెక్కారు. మన తెలుగు రాష్ట్రాల్లో 2004 సెప్టెంబర్ 1 తర్వాత చేరిన టీచర్లు, ఉద్యోగులు సీపీఎస్ రద్దు చేయమని ఇన్నేళ్లుగా కొట్లాడుతున్నది ఊరికే కాదు. జీతంలో 10 శాతం కోసి మార్కెట్‌కు అప్పజెప్పి, చివర్లో ఎంతొస్తే అంత తీసుకోమంటే పింఛను అన్న మాటకు అర్థమే లేదు. ఆ ఉద్యమాన్ని "గవర్నమెంటోళ్ల గొడవ" అని మన రైతులు కొందరు పట్టించుకోవడం లేదు. పట్టించుకోవాలి. సీపీఎస్ టీచరు సొమ్ము వెళ్లి కూర్చునేది మన విత్తనం, మన ఎరువు, మన రోడ్డు మీద లాభం తీసే కంపెనీల్లోనే. వాళ్ల ధర్నాకు మనం వెళ్లాలి, మన ధర్నాకు వాళ్లను పిలవాలి.

పింఛను నిధులకు నీతి నియమాలు పెట్టడం అసాధ్యమనేవాళ్లు నార్వే వైపు చూడాలి. అక్కడి ప్రభుత్వ పింఛను నిధి ప్రపంచంలోకెల్లా పెద్దది. ఏ కంపెనీలో డబ్బు పెట్టకూడదో చూసేందుకు 2004లో ఒక నైతిక మండలిని నియమించారు. పక్కనున్న ఒడిశాలో పర్యావరణాన్ని, గిరిజనుల హక్కులను దెబ్బతీస్తోందని 2007లో వేదాంత కంపెనీని తమ జాబితాలోంచి తీసేశారు. 2010లో సిగరెట్లు తయారుచేసే కంపెనీలనే వదులుకున్నారు. దాంతో వేదాంత మారిపోయిందని కాదు, వీళ్లు అమ్మిన షేరును ఇంకొకరు కొనుక్కుంటారు. పైగా నార్వే డబ్బు చమురు డబ్బు, దానికీ వేరే మరక ఉంది. అయినా నియమంగట్టు వేయడం కుదురుతుందని మాత్రం రుజువైంది. మన ఈపీఎఫ్‌ఓకు ఆ మాత్రం గట్టు కూడా లేదు.

రైతుకు వచ్చే పింఛను సంగతీ ఒక మాట. 2019 సెప్టెంబర్‌లో కేంద్రం కిసాన్ మాన్‌ధన్ యోజన తెచ్చింది. 18 నుంచి 40 ఏళ్ల మధ్య చిన్న, సన్నకారు రైతు నెలకు 55 నుంచి 200 రూపాయలు కడితే 60 దాటాక నెలకు 3,000. ఇవాళ పాతికేళ్లున్న కుర్రాడు ఆ మూడు వేలు చూసేది ముప్పై అయిదేళ్ల తర్వాత. అప్పటికి ఆ మూడు వేలు ఎన్ని కిలోల బియ్యం కొంటాయో ఎక్కడా రాయలేదు. నలభై దాటిన రైతుకు అసలు ప్రవేశమే లేదు. నిధిని నడిపేది ఎల్‌ఐసీ. రేపు రైతు చందా పెరిగితే దాన్నీ మార్కెట్ వైపు తోలాలన్న మాట రాకుండా ఉండదు. ఆ రోజు కోసం ఆగకుండా ఇప్పుడే మన మాట చెప్పి ఉంచాలి.

మన మాట ఇది. కార్మిక సంఘాలతో కలిసి ఈపీఎఫ్‌ఓ ధర్మకర్తల ముందు పెట్టాల్సింది. కార్మికుల సొమ్ము ఏయే కంపెనీల్లో, ఏయే ట్రస్టుల్లో ఎంతెంత ఉందో ఏటా తెలుగు సహా అన్ని భాషల్లో ప్రచురించాలి. జనం తప్పనిసరిగా వాడే రోడ్డు, నీరు, కరెంటు, సాగుభూమి మీద లాభం తీసే వ్యాపారాల్లోకి ఆ సొమ్ము వెళ్లకూడదు. ప్రభుత్వానికి ఆ డబ్బు కావాలనుకుంటే నికరమైన వడ్డీకి నేరుగా అప్పు తీసుకోవాలి. దాంతో శీతల గిడ్డంగులు, మార్కెట్ యార్డులు, కాల్వల మరమ్మతులు చేపట్టవచ్చు. కర్నూలులో ఒక మంచి ఉల్లి గోదాము ఉంటే ధర లేనప్పుడు సరుకు పుల్లూరు గేటు దాటాల్సిన తొందరే ఉండదు. కనీస పింఛనును టోల్ రేటులాగే ఏటా ధరల సూచీతో ముడిపెట్టాలి. ఈ చివరిది అడగడానికి ఏ కొత్త సూత్రమూ కనిపెట్టనక్కర్లేదు, 2008 టోల్ నిబంధనల్లోంచి ఎత్తి రాసుకుంటే సరిపోతుంది.

వచ్చే నెల గ్రామ శాఖల సమావేశాలకు వచ్చేటప్పుడు ఇంట్లో పీఎఫ్ ఉన్న పిల్లల చేత పాస్‌బుక్ ప్రింటు తీయించి తీసుకురండి. పట్టణాల్లోని కార్మిక సంఘాల నాయకులను కూడా పిలుద్దాం. పాస్‌బుక్కులూ, మార్కెట్ పట్టీలూ ఒకే బల్ల మీద పెట్టి లెక్క చూసుకుందాం.